తెల్ల గీత లేని నట్టు

"పదకొండింటికి మీ బావని లోపల వేస్తున్నాను. చెప్పలేదని తర్వాత అనకూడదు కదా, అందుకే ముందే చెబుతున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివు చేతి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పన్నెండు.

ఊళ్లో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ గడియారం గారే. ఎవరితో మాట్లాడినా అతని మొదటి ప్రశ్న "అప్పుడు టైమెంత?" అనే. భార్యకు కాన్పయిందని నర్సు పరుగున వచ్చి చెబితే, పాపా బాబా అని అడక్కుండా టైమెంత అని అడిగాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఆ అక్కే పొద్దున ఆరింటికి ఫోన్ చేసింది. ఏడవలేదు. "మీ బావ రెండు రోజులుగా అన్నం ముట్టలేదురా, స్టేషన్‌కి రమ్మన్నారట, వెళ్తూ గ్యారేజీ తాళాలు నా చేతికిచ్చి వెళ్లాడు," అంది. నలభై ఏళ్లలో బావ ఆ తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదటిసారి.

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఇదే స్టేషన్లో గడియారం కింద పని నేర్చుకున్నవాడు. గడియారం ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక కూడా "గురువుగారూ" అనే పిలుస్తాడు. కాకపోతే ఇప్పుడా పిలుపులో గౌరవం కన్నా ఎత్తిపొడుపే ఎక్కువ.

"బావగారి కేసు కాబట్టి న్యాయంగా చూడగలరా, గురువుగారూ?"

"చూడలేకపోతే నువ్వున్నావుగా. పద, కారు చూపించు."

స్టేషన్ వెనక రేకుల కప్పు కింద ఆ ఎర్ర కారు ఉంది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, వయసు ముప్పై ఏళ్లు. కొండ మీది స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మది. తండ్రి వదిలివెళ్లిన కారని ప్రాణంగా చూసుకునేది. గురువారం ఉదయం ఆరూ ఇరవైకి కొండ దారి మూడో మలుపులో కుడివైపు ముందు చక్రం లోపలికి ముడుచుకుపోయింది. కారు పిట్టగోడను గుద్ది బోల్తా కొట్టింది. ఈ రోజు శనివారం. టీచరమ్మ ఇంకా కళ్లు తెరవలేదు. తెరుస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. ఆమెకేమైనా అయితే బావ మీద కేసు నిర్లక్ష్యంతో ఆగదు, ప్రాణం తీసినవాడవుతాడు.

ఇన్‌స్పెక్టరు లెక్క సూటిగా ఉంది. ఆ కారు కొత్తగా ఉన్న రోజుల్లో దాని షాక్ అబ్జార్బర్లు మామూలువి కావు. సీటు కింద ఒక చిన్న కంప్యూటరు పెట్టె, ఒక్కో షాకు నెత్తిన ఒక బుల్లి మోటారు. డ్రైవరు ముందున్న స్విచ్చి నొక్కితే బండి మెత్తగానో గట్టిగానో మారేది, ఎలా ఉందో పచ్చదీపం వెలిగి చెప్పేది. ఏళ్లు గడిచేసరికి మోటార్లు బిగుసుకుపోయాయి, షాకుల్లో నూనె కారిపోయింది. అలాంటివి కొత్తవి ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యడం లేదు. గుంటల్లో పడ్డప్పుడల్లా టీచరమ్మ నడుం కలుక్కుమనేది. చివరికి మంగళవారం బావ ఆ ఎలక్ట్రానిక్ సరంజామా అంతా పీకేసి, నాలుగు మామూలు షాకులు వేశాడు. రెండో రోజుకి ఒక షాకు కింది బోల్టు మీది నట్టు ఊడి కారు బోల్తా పడింది. ఆ బోల్టుకి పట్టిన నట్టు మూడో మలుపుకి కాస్త కింద, కాలవలో దొరికింది.

ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ సంచీలోంచి ఆ నట్టు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"మీ బావ ప్రతి నట్టూ పూర్తిగా బిగించాక దాని మీద తెల్ల రంగుతో గీత గీస్తాడట కదా. ఆయనే చెప్పాడు. గీత ఉంటే పని అయినట్టు, లేకపోతే కానట్టు. మిగతా మూడు షాకుల నట్లకీ గీత ఉంది. దీనికి లేదు. అంటే మర్చిపోయాడు. అరవై దాటాయి, మతిమరుపు వచ్చింది. తప్పు కాదు, కానీ నేరం."

గడియారం ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఏ పరిశోధనకైనా ముందు అతనికున్న అలవాటది. ఉన్నది ఉన్నట్టు కనిపించనివ్వమని దేవుణ్ణి అడుగుతాడు, అంతకన్నా ఏమీ కోరడు.

"దేవుడేమన్నాడు గురువుగారూ? నట్టు ఎవరు వదిలేశారో చెప్పాడా?"

"ముందు భూతద్దం అడగమన్నాడు."

కానిస్టేబులు భూతద్దం తెచ్చేలోగా గడియారం తలుపు సందులోంచి లోపలికి వంగి చూశాడు. సీటు కింద కంప్యూటరు పెట్టె ఉండాల్సిన చోట ఖాళీ. వైర్ల కొసలన్నిటికీ విడివిడిగా నల్ల టేపు చుట్టి, పద్ధతిగా కట్ట కట్టి ఉన్నాయి. స్విచ్చి మాత్రం ఉంచేశాడు, తీస్తే అక్కడ బొక్క పడుతుందని. పక్కనున్న చిన్న గాజు వెనక బల్బు లేదు. అదీ తీసేశాడు. ఎందుకు తీశాడో గడియారానికి తెలుసు. ఇలాంటి పని చేసినప్పుడల్లా బావ ఆ మాటే అంటాడు: జరగని పని జరుగుతున్నట్టు దీపం వెలగకూడదు.

తర్వాత కుడి ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. బోల్టు మరల్లోకి, నట్టు ఎక్కే గాడుల్లోకి, భూతద్దం పెట్టి చూసి, ఇన్‌స్పెక్టరుని కూడా చూడమన్నాడు. ఆ గాడుల లోతున, సున్నం నలుసుల్లా, తెల్ల రంగు. పైపైన గుడ్డతో తుడిచేసినా లోపల మిగిలిపోయింది. అంటే దీనికీ ఒకప్పుడు గీత ఉంది.

గడియారం అక్కడితో ఆగలేదు. షాకు కింది చివర రబ్బరు బుష్షు, దాని నడుమ ఉక్కు గొట్టం ఉంటాయి. ఆ గొట్టం అంచుకి రంపం పళ్లలాంటి సన్నటి పళ్లు. బోల్టు బిగిస్తే ఆ పళ్లు చుట్టూ ఉన్న ఇనుప చట్రంలో దిగి ముద్ర వేస్తాయి. బండి నేల మీద నిలబడి ఉండగా బిగిస్తే ముద్ర ఒక వాలులో పడుతుంది, బండిని జాకీ మీద ఎత్తి చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఇంకో వాలులో పడుతుంది. బావ ఎప్పుడూ బండిని నేల మీదికి దించి, రోజూ దాన్ని నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, ఆ బరువు మీదే చివరి బిగింపు బిగిస్తాడు. అలా చెయ్యకపోతే రబ్బరు మెలిపడి ఏడాది తిరక్కుండా చిరుగుతుందంటాడు. మంగళవారం నాలుగున్నరకి టీచరమ్మే స్వయంగా సీట్లో కూర్చుంది.

ఎడమ వైపు చట్రం మీద ఒకే ముద్ర ఉంది, లోతుగా, నిలబడ్డ వాలులో.

కుడి వైపు రెండున్నాయి. నిలబడ్డ వాలులో లోతైనది ఒకటి. దాని పక్కనే, వేలాడే వాలులో, పైపైన గీరుకున్నట్టు రెండోది.

"చూడు. మంగళవారం పూర్తిగా బిగించాడు, గీత గీశాడు. ఆ తర్వాత ఎవరో ఈ కారుని మళ్లీ జాకీ ఎక్కించారు. నట్టు విప్పారు, తిరిగి వదులుగా పెట్టారు. రంగు తుడిచేశారు," అన్నాడు గడియారం.

ఇన్‌స్పెక్టరు భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశాడు. లేచి నిలబడ్డప్పుడు మొహంలో ఎత్తిపొడుపు లేదు.

"చంపాలని చేశారంటారా?"

"అప్పుడే అనను. బుధవారం సాయంత్రం ఈ కారు ఎక్కడుందో చెప్పు."

టీచరమ్మ భర్త చెప్పిన మాట ఫైల్లో ఉంది. పది గంటలకి సంతకం పెట్టడానికి ఆయనే వస్తున్నాడు.

*

ఆయనకు కళ్లజోళ్ల షాపుంది. మనిషి సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. సంతకం పెట్టే ముందు కాగితం ఆసాంతం చదివాడు. రెండు రోజులుగా ఆసుపత్రి వరండాలోనే ఉన్నానని, భార్య మొహం చూస్తే కడుపు తరుక్కుపోతోందని చెప్పాడు. గడియారానికి జాలి వేసింది, నిజంగానే వేసింది. అయినా అడగాల్సినవి అడిగాడు.

బుధవారం ఆవిడ నాలుగింటికి స్కూలు నుంచి వచ్చిందట. ఆరింటి నుంచి ఏడింటి దాకా కారు తనే తీసుకెళ్లానని చెప్పాడు, చెరువు కట్ట దాకా వెళ్లి తిరిగొచ్చాడట. ఏ జాకీ ఎక్కలేదు, ఏ గ్యారేజీకీ వెళ్లలేదు. రాత్రంతా షెడ్డులో ఉంది, తాళం తన దగ్గరే ఉంది.

"ఆరు నుంచి ఏడు. కచ్చితంగానేనా?"

"కచ్చితంగా. బయల్దేరేటప్పుడు గోడ గడియారం ఆరు కొట్టింది."

"కారు ఎలా నడిచింది?"

"బాగా నడిచింది. అందుకే మేస్త్రీని అప్పుడు మెచ్చుకున్నాను కూడా. ఇలా చేస్తాడనుకోలేదు."

"కట్ట మీద దారి గతుకులు కదా. నడుం పట్టెయ్యలేదా?"

"లేదండీ. స్విచ్చి మెత్తటి దాంట్లో పెట్టుకున్నాను. పచ్చదీపం వెలిగింది. పువ్వులా వెళ్లింది."

ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. తల ఎత్తబోయి, ఎత్తలేదు. గడియారం ఆ పచ్చదీపం గురించి ఇంకేమీ అడగలేదు. టీచరమ్మ ఒక్కతే కొండ మీది క్వార్టర్సుకి మారిపోతోందట కదా అని మాత్రం అడిగాడు. స్కూలు వాళ్లు పోలీసులకి చెప్పిన ఆ మాట ఫైల్లో ఉంది.

కళ్లజోళ్లాయన కాగితం మడత సరిచేశాడు. "శుక్రవారం నుంచి. రోజూ తిరగలేక. అంతే," అన్నాడు.

పదీ ఇరవై రెండుకి ఆయన జేబులో ఫోను మోగింది. వింటూ లేచాడు. ఆసుపత్రి నుంచి, ఏదో కాగితం కావాలంటున్నారని చెప్పి, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక ఇన్‌స్పెక్టరు మెల్లగా అన్నాడు: "ఆ బల్బు మంగళవారమే తీసేశారు."

"బల్బే కాదు, మెత్తదనమే తీసేశారు. ఆ కారులో ఇప్పుడు మెత్తనా లేదు, గట్టీ లేదు. బుధవారం ఈయన ఆ కారు ఎక్కనే లేదు. ఆ గంటసేపూ కారు ఎక్కడో జాకీ మీద ఉంది."

"ఆయన షెడ్డులో."

"అలాగే కనిపిస్తోంది."

ఇన్‌స్పెక్టరు అరెస్టు కాగితాన్ని సొరుగులో పడేశాడు. ఇన్నేళ్ల తర్వాత అతని నోట గురువుగారూ అన్న మాట మళ్లీ మామూలుగా వచ్చింది. బావగారికి మీరే వెళ్లి చెప్పండి అన్నాడు.

*

బావ వరండా చివర బల్ల మీద కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లించి. ఆ చేతుల గీతల్లో నలభై ఏళ్ల గ్రీజు ఉంది, ఎంత సబ్బు పెట్టినా పోనిది. గడియారం పక్కన కూర్చుని, గుండెల మీంచి బరువు దిగినవాడిలా, గబగబా చెప్పేశాడు. మరల్లో మిగిలిన రంగు, రెండు ముద్రలు, వెలగలేని దీపం, అన్నీ చెప్పాడు. ఇంటికి పోయి అన్నం తిను బావా, అక్క పొయ్యి వెలిగించకుండా కూర్చుంది అన్నాడు.

బావ బల్ల మీంచి లేవలేదు.

"ఆ రెండో ముద్ర నాదేరా," అన్నాడు.

గడియారానికి మాట అర్థమైంది, కానీ మనసు దాన్ని లోపలికి రానివ్వలేదు. మళ్లీ చెప్పమన్నాడు.

"నాదే. బుధవారం ఆరింటికి టీచరమ్మ బండి తెచ్చింది, ముందు వైపు టిక్కు టిక్కుమంటోందని. జాకీ ఎక్కించి కుడి వైపు విప్పాను. వాషరు కాస్త పక్కకి జరిగింది, సరిచేశాను. గీత తుడిచేసి నట్టు చేత్తో తిప్పి, పానాతో ఒక్క చుట్టు తిప్పి వదిలేశాను. బండిని కిందికి దించాను. ఇక ఆవిడ కూర్చుంటే చివరి బిగింపు బిగించాలి. ఆవిడ పక్క కొట్టుకి ఏవో కాగితాలు జిరాక్సుకని వెళ్లింది."

"అప్పుడు టైమెంత?" నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చింది.

"ఆరున్నర. నీకు తెలుసుగా, చివరి బిగింపు ముందు నేను చేతులు కడుక్కుని పటానికి దండం పెట్టుకుంటాను. ఒకరి ప్రాణం మన పానా మీద ఉంటుందని మా నాన్న నేర్పాడు. వెనక గదిలోకి వెళ్లాను. మూడు నిమిషాలు కూడా కాలేదు. దండం పెట్టుకుని వచ్చేసరికి బండి లేదు."

జరిగింది గడియారం కళ్లకి కట్టింది. బండి నాలుగు చక్రాల మీదా నిలబడి ఉంది, తాళం దానికే ఉంది, మనిషి కనబడలేదు. అయిపోయిందనుకుని ఆవిడ తీసుకెళ్లింది. గీత చూడాలని ఆవిడకేం తెలుసు? పొద్దుణ్ణుంచీ తను ఒక్కొక్కటిగా ఏరి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టిన సాక్ష్యమంతా ఒక్క మాటతో తిరిగి బావ మెడకే చుట్టుకుంది. దండం పెట్టుకోవడానికి వెళ్లిన ఆ మూడు నిమిషాల్లోనే ఇది జరగాలా? అడగకూడదని తెలిసినా లోపల దేవుణ్ణి అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"ఆయనే వద్దన్నాడు."

"ఎవరు?"

"టీచరమ్మ భర్త. బండి కనబడకపోయేసరికి ఆవిడ ఫోనుకి చేశాను. ఆరూ యాభై. ఆయన ఎత్తాడు, ఆవిడ స్నానానికి వెళ్లిందని చెప్పాడు. కుడి ముందు నట్టు ఇంకా వదులుగానే ఉంది బాబూ, పొరపాటున కూడా కొండ ఎక్కొద్దని చెప్పండి, తెల్లారగానే పానా పట్టుకుని నేనే వస్తానన్నాను. రెండుసార్లు చెప్పాను. కుడి వైపేనా అని ఆయన ఇంకోసారి అడిగి మరీ తెలుసుకున్నాడు. చెప్తాను, మీరు నిశ్చింతగా పడుకోండి అన్నాడు."

వరండాలో ఎవరో టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. గడియారం తల తిప్పాడు. ఇన్‌స్పెక్టరు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అంతా విన్నట్టే ఉంది.

బావ నేల చూస్తూ చెప్పుకుపోతున్నాడు. గురువారం పొద్దున ఏడింటికి పానా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడట. ప్రమాదం కబురు విని ఆసుపత్రికి బయల్దేరుతూ ఆయన గేటు దగ్గరే ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేసి ఏడ్చాడట. ఆవిడ వినకుండా వెళ్లిపోయింది, ఇక ఎవర్నని ఏం లాభం అన్నాడట. బుధవారం మాట ఎత్తితే నట్టు వదులుగా వదిలిన నేరం ఒప్పుకున్నట్టే అవుతుంది, మీరు జైల్లో చస్తారు, నోరు మూసుకోండి, మంగళవారం పని మీదే నిలబడండి, కేసు తేలిపోయేలా నేను చూస్తానన్నాడట.

"ఎంత మంచివాడో అనుకున్నానురా. భార్య ఆ స్థితిలో ఉన్నా నా గురించి ఆలోచించాడని," అన్నాడు బావ.

ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చాడు. ఆ ఫోను ఎంతసేపు మాట్లాడారని అడిగాడు. నాలుగు నిమిషాలుంటుందన్నాడు బావ. కంపెనీ నుంచి కాల్ వివరాలు తెప్పిస్తే అది నిమిషాలతో సహా ఉంటుంది. ముందే తెప్పించాల్సింది. మంగళవారం పని చుట్టూనే తిరిగి బుధవారం వైపు కన్నెత్తి చూడలేదని ఇన్‌స్పెక్టరు తనంతట తనే ఒప్పుకున్నాడు. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైందని గడియారానికి తెలుసు.

ఇప్పుడు అంతా అమరింది. శుక్రవారం ఆవిడ ఆయన్ని వదిలి క్వార్టర్సుకి వెళ్లిపోవాల్సింది. ఆయన పానా పట్టుకోలేదు. కారుని ముట్టుకోలేదు. ఒక్క మాట తెలుసుకుని, దాన్ని చెప్పవలసిన మనిషికి చెప్పకుండా మింగేశాడు. పొద్దున ఆరింటికి ఆవిడ తాళం తీసుకుని బయల్దేరుతుంటే గేటు కూడా తీసి ఉంటాడు. బుధవారం కారు గ్యారేజీలో లేదని నిలబెట్టడానికే ఆ చెరువు కట్ట, ఆ పచ్చదీపం.

మనిషి ఇలా కూడా చెయ్యగలడా? ఇరవై ఏళ్లుగా నేరాలు చూస్తున్నా గడియారం ఈ ప్రశ్న దగ్గర ప్రతిసారీ కొత్తగా తడబడతాడు.

"కానీ ఫోన్లో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో రుజువేది? బాగోగులు మాట్లాడుకున్నాం అంటాడు. మీ బావ మాట ఒకటి, ఆయన మాట ఒకటి. బుధవారం కారు గ్యారేజీలో ఉందనీ, ఆయన ఎక్కనే లేదనీ, ఎవరూ తనకేమీ చెప్పలేదనీ చెప్పగలిగే మనిషి..." ఇన్‌స్పెక్టరు అక్కడ ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పదీ ఇరవై రెండుకి ఆయనకొచ్చిన ఫోను," అన్నాడు గడియారం.

ఇన్‌స్పెక్టరు అప్పటికే వార్డు నంబరు నొక్కుతున్నాడు. అందరికీ వినబడేలా పెట్టాడు. నర్సు గొంతు సంతోషంగా ఉంది. అవునండీ, పదీ ఇరవైకి కళ్లు తెరిచారు, మొదట ఆయనకే చెప్పాం, పాపం ఆదరాబాదరా వచ్చేశారు అంది.

"ఇప్పుడు ఆవిడ దగ్గర ఎవరున్నారు?"

"ఆయనేనండీ. ఆవిడ దాహం అంటే నీళ్లు నేనే పడతానని గ్లాసు తీసుకున్నారు. కాసేపు ఇద్దర్నీ వదిలెయ్యమని మమ్మల్ని బయటికి పంపించారు."

"వెంటనే లోపలికి వెళ్లండి. ఆ గ్లాసు ఆవిడ నోటి దాకా వెళ్లకూడదు. ఫోను పెట్టకండి, వెళ్లండి."

చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు తట్టిన చప్పుడు. అమ్మా అని ఒకసారి, సార్ అని రెండుసార్లు. బావ రెండు చేతులూ జోడించి బల్ల మీంచి లేచాడు. గడియారం గుమ్మం దాటేశాడు, టైమెంతో చూసుకోకుండా. వెనక ఇన్‌స్పెక్టరు చేతిలోని ఫోనులోంచి నర్సు గొంతు సన్నగా వచ్చింది.

"లోపలి నుంచి గడియ పెట్టుకున్నారండీ."